కట్ట మీది చూపు, తూము కాడి చూపు

డ్రాయింగ్ లోయర్ పరీక్షకు తయారయ్యే పిల్లల నోటుబుక్కులు ఒకసారి తిరగేసి చూడండి. మంచిర్యాల అయినా, మందమర్రి అయినా, గోదావరి దాటి గోదావరిఖని అయినా బొమ్మ ఒకటే. వెనక రెండు కొండలు, కొండల నడుమ సగం సూర్యుడు, ముందర చెరువు, చెరువులో నాలుగు తామరలు, ఒడ్డున వంగిన కొబ్బరిచెట్టు, ఒక పడవ. మన చెరువు కట్టల మీద కొబ్బరిచెట్లు ఎవరు చూసిండ్రు? ఈదులుంటయి, తాళ్ళుంటయి, తుమ్మలుంటయి. బొమ్మ గీసిన పిల్ల తండ్రి బాయి దిగే కార్మికుడు. ఇంటి వెనకాల బొగ్గు పొడి తేలే కుంట ఉంటుంది. ఆ కుంటను ఆమె రోజూ చూస్తుంది. చెరువు బొమ్మ గీయమనేసరికి మాత్రం కోస్తా క్యాలెండర్ల నుంచి వచ్చిన చెరువునే గీస్తుంది. పిల్లను అనాల్సిన పని లేదు. చెరువును ఎక్కడ నిలబడి చూడాలో బడి ఆమెకు నేర్పింది, ఆమె నేర్చుకుంది.

ఈ వ్యాసం ఆ నిలబడే చోటు గురించే. రోజూ చెరువు గట్టుకు పోయి, కూర్చొని, చూసి, బొమ్మ వేసే మనిషికి, పద్యం రాసే మనిషికి మన కళా విమర్శలో పెద్దపీట ఉన్నది. ఆయన ఏకాంతాన్ని, ఆయన ఓపికను మెచ్చుకోవడానికి మన దగ్గర మాటలు చాలా ఉన్నయి. ఆయన నిలబడేది కట్ట మీద. కట్ట మీద నిలబడ్డవాడికి నీళ్ళు కనబడతాయి, నీళ్ళల్లో మబ్బులు కనబడతాయి, కొంగలు కనబడతాయి. తూము కనబడదు. తూము మూత ఎత్తడానికి నడుము లోతు నీళ్ళల్లోకి దిగే నీరటి కనబడడు, కనబడినా బొమ్మలో ఒక నల్లచుక్క అవుతాడు. నీరటి కూడా రోజూ చెరువు కాడికి పోయినవాడే. నిజం చెప్పాలంటే చిత్రకారుడి కంటే ఎక్కువసార్లు పోయినవాడు. మరి చెరువుకు పోవడంలో ఒకరిది కళ, ఇంకొకరిది వెట్టి ఎట్లా అయింది?

మన చిత్రకళా కళాశాలల్లో ఆదర్శంగా చెప్పే ఉదాహరణ నుంచే మొదలుపెడదాం. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1883లో జివెర్నీ అనే పల్లెకు చేరాడు. 1893లో ఇంటి ముందరి రోడ్డుకు అవతల జాగా కొని, పక్కన పారే వాగు నీళ్ళను మళ్ళించి కలువల కొలను కట్టించుకున్నాడు. చనిపోయేదాకా, అంటే 1926 దాకా, దాన్నే చూస్తూ, దాన్నే వేస్తూ గడిపాడు. కలువల బొమ్మలు సుమారు 250 ఉన్నాయంటారు. ఇంతవరకు ప్రతి విద్యార్థికీ తెలుసు. ఆ కొలనుకు నీళ్ళు మళ్ళించడానికి ఆయన ప్రభుత్వాన్ని అనుమతి అడిగినప్పుడు ఊరివాళ్ళు వ్యతిరేకించారన్న సంగతి మాత్రం తరగతిలో చెప్పరు. ఎక్కడివో కొత్త మొక్కలు తెచ్చి వేస్తే నీళ్ళు చెడిపోతాయని, ఆ నీళ్ళు కిందికి పారి తమ పశువులు తాగుతాయని వాళ్ళ భయం. మోనేకు కోపం వచ్చింది, చివరికి అనుమతీ వచ్చింది. తర్వాత కలువాకుల మీద దుమ్ము పడుతుందని రోడ్డుకు తారు వేయించాడు. పొద్దున్నే పడవలో పోయి ఆకులను కడిగి శుభ్రం చేయడానికి ఒక తోటపనివాడిని పెట్టుకున్నాడు. ప్రపంచం మెచ్చిన ఆ నిశ్చలమైన నీటి వెనక ఇంత ఏర్పాటు ఉన్నది. బొమ్మల గొప్పతనాన్ని నేను కాదనడం లేదు. కళ్ళు మసకబారుతున్నా ఆ ముసలాయన వెలుతురుతో పట్టిన కుస్తీ నిజమైనదే. నా ప్రశ్న ఆ తోటపనివాడి గురించి. రోజూ పొద్దున నీళ్ళల్లోకి దిగి ఆకు ఆకునూ ముట్టుకున్న ఆ మనిషి ఒక్క కాన్వాసులోకి కూడా ఎందుకు రాలేదు?

అమెరికాలో హెన్రీ డేవిడ్ థోరో సంగతి కొంచెం వేరు. 1845 జూలై నుంచి రెండేండ్ల పైచిలుకు వాల్డెన్ చెరువు ఒడ్డున గుడిసె వేసుకొని ఉన్నాడు, 1854లో పుస్తకం అచ్చువేశాడు. ఏకాంతానికి అది వేదమని చాలామంది అంటారు. అయితే ఆ పుస్తకంలోనే తనకు ముందు ఆ అడవిలో బతికిన మనుషుల గురించి ఒక అధ్యాయం ఉన్నది. వాళ్ళల్లో ముఖ్యమైనవాళ్ళు ఒకప్పుడు బానిసలుగా ఉన్న నల్లవాళ్ళు. ఊళ్ళో జాగా దొరకక చెరువు పక్క అడవిలో గుడిసెలు వేసుకున్నవాళ్ళు. థోరో వాళ్ళ పేర్లు రాశాడు, కూలిన ఇండ్ల గుంతలు ఎక్కడెక్కడున్నాయో రాశాడు. చలికాలంలో వందమంది ఐరిష్ కూలీలు వచ్చి ఆ చెరువు మంచును పలకలుగా కోసుకపోవడం కూడా రాశాడు. ఆ కాలంలో ఆ ప్రాంతపు మంచు ఓడలెక్కి మద్రాసు దాకా వచ్చేది. మద్రాసు సముద్రపొడ్డున ఐస్‌హౌస్ కట్టింది దానికోసమే. తమ చెరువు మంచును మద్రాసు తాగుతుందని థోరోకు తెలుసు. ఆ మద్రాసులో ఎవరి నీళ్ళు ఎవరు ముట్టకూడదో ఆయనకు తెలియదు. తెలిసి ఉంటే ఏం రాసేవాడోనని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఏదేమైనా, చెరువును చూసేవాడు తనకంటే ముందు ఆ చెరువును వాడుకున్నవాళ్ళ లెక్క తీయడం సాధ్యమేనని ఆ అధ్యాయం చూపిస్తుంది. మోనేకు లేని ఆ పట్టింపు థోరోకు కొంతైనా ఉన్నది.

ఇక మన దగ్గరికి వద్దాం. ఆధునిక తెలుగు కవిత్వానికి మొదటి అడుగుల్లో ఒకటిగా చెప్పే కావ్యం చెరువు కట్ట మీదనే జరుగుతుంది. కట్టమంచి రామలింగారెడ్డి 1900 ప్రాంతంలో, ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడే, 'ముసలమ్మ మరణము' రాశాడు. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంది. బసిరెడ్డి కోడలు బలి అయితేనే కట్ట నిలుస్తుందని మాట వినబడుతుంది. ముసలమ్మ ఊరి కోసం తనంతట తానే పోయి నీళ్ళకు బలవుతుంది. స్థానిక చరిత్రలోంచి కథ తీసుకొని, దేవతలను, రాజులను వదిలి ఒక రైతుకోడలిని నాయికను చేయడం ఆ రోజుల్లో సాహసమే. ఆ మాట ఒప్పుకుంటూనే ఒకటి గమనించాలి. ఆ కావ్యంలో ముసలమ్మ ఏమీ అడగదు. అందరినీ ఓదార్చి, దండం పెట్టి పోతుంది. చావును కరుణరసంగా మార్చాలంటే చచ్చేవాళ్ళు బేరం ఆడకూడదు.

దీని పక్కన గుజరాత్ దళితుల నోటి కథను పెట్టి చూడండి. పాటణ్‌లో సిద్ధరాజ్ జయసింహుడు పన్నెండో శతాబ్దంలో తవ్వించిన సహస్రలింగ తటాకంలో నీళ్ళు నిలవలేదట. మనిషిని బలి ఇవ్వాలన్నారు. మేఘమాయ అనే నేతపని దళితుడిని తెచ్చారు. ఆయన చావడానికి ఒప్పుకున్నాడు గానీ ముందు తన షరతులు చెప్పాడు. మావాళ్ళు మెడకు ముంత కట్టుకొని, నడుముకు చీపురు కట్టుకొని తిరగడం మానిపించాలి, మా ఇండ్ల ముందర తులసి, రావి పెట్టుకోనివ్వాలి అన్నాడు. రాజు ఒప్పుకున్న తర్వాతే కత్తికి మెడ వంచాడు. అదే చెరువు, అదే బలి. కథ చెప్పే కులం మారేసరికి బలయ్యే మనిషికి నోరు వచ్చింది. దళిత సౌందర్యశాస్త్రం అంటే ఏమిటని సెమినార్లలో గంటలకొద్దీ మాట్లాడుతుంటాం. ముసలమ్మకూ మేఘమాయకూ నడుమ ఉన్న తేడాను పట్టుకుంటే సగం జవాబు దొరికినట్టే.

చిత్రకళలో తెలంగాణ ఊరు అనగానే చెప్పే పేర్లు ఉన్నాయి. సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య (1925–2012) నకాషీ రీతిని జలరంగాల్లోకి, టెంపెరాలోకి తీసుకొచ్చాడు. బోనాలను, బతుకమ్మను, ఒడ్డెర స్త్రీని వేశాడు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం మన ఆడోళ్ళ నల్లటి ఒంటిని, పెద్ద బొట్టును, ముదురు రంగుల చీరను దేశం అంతటికీ తెలిసేటట్టు చేశాడు. తెల్లటి ముఖాలే అందమనుకునే క్యాలెండర్ల లోకంలో ఇది చిన్న పని కాదు. కానీ వైకుంఠం ఆడమనిషి వెనక చాలావరకు ఒట్టి రంగే ఉంటుంది. ఆమె ఏ గట్టు దిగి వచ్చింది, ఏ పనికి పోతున్నది అన్నది చెప్పే జాగా ఆ బొమ్మలో లేదు. రాజయ్యలో పని ఉంటుంది, అయితే పండుగ బట్టలు కట్టుకొని ఉంటుంది. ఒడ్డెరామె చేతిలోని తట్ట కూడా నగ లాగనే మెరుస్తుంది. కట్ట మీది చూపు అంటే పైకులపోడి చూపు మాత్రమే అని నేననడం లేదు. అది ఒక అలవాటు. ఎవరికైనా అంటుకుంటుంది, మనకు కూడా.

ఇప్పుడు కట్ట దిగుదాం. మన ఊరి చెరువుకు రోజూ పోయినవాళ్ళెవరు? చాకలి పోయింది, ఆమెకు రేవు బండలు ఉన్నయి. గంగపుత్రులు, ముదిరాజులు వలలు తీసుకొని పోయిండ్రు. ఒడ్డెరలు కట్ట పోసిండ్రు. నీరటి, ఎక్కువ ఊళ్ళల్ల మాల కులం మనిషి, తూము కాడ ఉన్నడు. ఏ మడికి ఎన్ని నీళ్ళు పారాలి, ఎప్పుడు తూము మూయాలి, మత్తడి దుంకేటట్టుంటే ఎవరిని లేపాలి అన్నది అతని కండ్లల్ల, కాళ్ళల్ల ఉన్న లెక్క. నీళ్ళ రంగు చూసి ఏ వాగు నుంచి వచ్చిందో చెప్పేవాడు. ఇంత పరిశీలన ఏ చిత్రకారుడికుంది? వెట్టి నుంచి ఆ పని మస్కూరి జీతానికి మారింది, తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకుల లెక్కలో కలిసింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఆ సహాయకులను వేరే శాఖల్లో సర్దింది. వెట్టి గుర్తు పోయినందుకు సంతోషించాల్సిందే. నీరటికి తెలిసిన నీళ్ళ విద్యను రాసిపెట్టిన ఒక్క పుస్తకం, గీసిపెట్టిన ఒక్క పటం లేకుండానే అది పోవడం మీద మాత్రం పరిశోధకులుగా మనం జవాబు చెప్పాలి.

మాదిగలు కూడా నీళ్ళ కాడికి పోయిండ్రు. వాళ్ళ పని గురించి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చెరువుకూ కళకూ ఉన్న అసలు లంకె ఇక్కడుంది. పచ్చి తోలును నీళ్ళల్ల నానబెట్టాలి, సున్నం పెట్టి బూరు తీయాలి, మళ్ళా కడగాలి. చెప్పులకు, మోట బొక్కెనకు, తోలు పగ్గాలకు అయితే తంగేడు చెక్క వేసిన లందలో రోజులకొద్దీ ఊరబెట్టాలి. తంగేడు చెక్కలోని వగరు తోలును కుళ్ళకుండా గట్టిపరుస్తది. ఎన్ని రోజులు ఊరాలి, చెక్క ఎప్పుడు మార్చాలి అన్నది వాసన చూసి, వేలితో నొక్కి చూసి తెలుసుకునే విద్య. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన పుస్తకంలో దీన్ని శాస్త్రవిజ్ఞానంగానే చెప్పాడు. దానికి గోండు కళాకారిణి దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేసింది. ఊరు మాత్రం లందను కంపు అన్నది. లంద ఉన్న దిక్కునే మాదిగవాడ ఉండాలన్నది. ఆ లందలో తయారైన తోలు బొక్కెన దొర మోటబావిలోకి పొద్దంతా దిగింది, ఎక్కింది. దాన్ని కుట్టిన చెయ్యి ఊరి మంచినీళ్ళ బావి చేదను ముట్టరాదన్నరు.

ఇప్పుడు అదే తంగేడు పువ్వును చూడండి. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దుల దాకా తొమ్మిది రోజులు తెలంగాణ ఆడోళ్ళు పేర్చే బతుకమ్మకు మొదటి పువ్వు తంగేడు. గునుగు, గుమ్మడి, కట్ల, బంతి తర్వాతనే. గుమ్మడాకు పరిచి, వరుస మీద వరుస గుండ్రంగా, పైకి పోతుంటే సన్నగా పేర్చడం, తెల్ల గునుగును రంగుల్ల ముంచి వరుసల నడుమ పెట్టడం, ఇదంతా ఏ కాలేజీలోనూ నేర్పని శిల్పం. చెరువు కాడికి పోయి చేసే కళ ఏదన్నా మనకుంటే అదే మొదటిది. పొద్దుమూకే యాళ్ళకు దాన్ని నీళ్ళల్ల వదిలేస్తరు. అమ్మడానికి కాదు, గోడకు తగిలించడానికి కాదు. 2014లో రాష్ట్రం వచ్చినంక బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పం అయింది.

పువ్వు తల్లి అయింది. అదే చెట్టు చెక్క మాత్రం అంటు అయింది. చెట్టు ఒకటే, నీళ్ళూ ఒకటే. పువ్వు పళ్ళెంలో ఎక్కి, పాటలతో, పట్టుచీరల నడుమ చెరువులోకి పోయింది. చెక్క మాదిగోని నెత్తి మీద ఎక్కి లందలోకి పోయింది. మన జానపద పరిశోధకులు బతుకమ్మ మీద ఎన్ని పుస్తకాలు రాసిండ్రో లెక్కలేదు. వాటిల్ల తంగేడు పువ్వు గుణాలు, ఔషధ విలువలు అన్నీ ఉంటయి. నేను చదివినంతలో చెక్క గురించి ఒక్క పేజీ కనబడలేదు. అంతేకాదు, బతుకమ్మ ఊరందరి పండుగ అన్నమాటను వాడలోకి పోయి అడగాలి. చాలా ఊళ్ళల్ల మాలమాదిగ ఆడోళ్ళ బతుకమ్మ వేరే జాగల ఆడింది, వేరే రేవుల కలిసింది. కొన్ని చోట్ల వాళ్ళు గౌడ ఆడోళ్ళ, రెడ్డి ఆడోళ్ళ ఆట దూరం నుంచి చూసుడే. తెలంగాణ దళిత రచయిత్రులు, వాళ్ళల్లో జూపాక సుభద్ర ఒకరు, ఈ వెలి గురించి గట్టిగనే అడిగిండ్రు. అడిగినందుకు వాళ్ళను సంస్కృతి ద్రోహులన్నట్టు చూసినవాళ్ళూ ఉన్నరు. బతుకమ్మను కాదనమని ఎవరూ అనడం లేదు. పేర్చే చేతుల నైపుణ్యం మనదే, పాట కట్టే నోరూ మనదే. ఆ నైపుణ్యం మీద ఎవరి పేరు పడుతున్నదన్నదే తగాదా.

వాడ కళకు తనదైన బొమ్మలు కూడా ఉన్నయి. మాదిగలకు ఆశ్రితులైన డక్కలివాళ్ళు కిన్నెర వాయిస్తూ జాంబపురాణం చెప్పేవాళ్ళు, దానికి చేర్యాల నకాషీలు వేసిన పటం విప్పేవాళ్ళు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల రంగు మీద వేసే మూరలకొద్దీ బొమ్మలవి. ఆ పురాణం చెప్పే తీరుల్లో భూమి పుట్టకముందే, అంతటా నీళ్ళే ఉన్నప్పుడే జాంబవుడు ఉన్నడు. అంటే నీళ్ళు ముట్టొద్దన్న కులం తన పుట్టుకను నీళ్ళతోనే మొదలుపెట్టుకున్నది. ఇంకొక సంగతి. పటం పాతబడి చినిగితే దాన్ని మనిషికి చేసినట్టే మర్యాదలు చేసి నీళ్ళల్ల కలిపేవాళ్ళు. మ్యూజియముల్లో పాత పటాలు తక్కువగా ఉండడానికి ఇదొక కారణం. ఇప్పుడు చేర్యాల పేరు మీద డ్రాయింగు రూముల కోసం చిన్న బొమ్మలు, మాస్కులు అమ్ముడవుతున్నయి. కథ చెప్పేవాడు పక్కన లేకుండా ఆ బొమ్మకు సగం ప్రాణం ఎక్కడిది?

చరిత్ర తారీఖుల్లో ఒక యాదృచ్ఛికం ఉన్నది. 1927 మార్చి 20న మహద్‌లో డాక్టర్ అంబేడ్కర్ వేలాది దళితులతో నడిచిపోయి చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకొని తాగాడు. ఆ చెరువును అస్పృశ్యులు కూడా వాడుకోవచ్చని మహద్ పురపాలక సంఘం అంతకుముందే తీర్మానించినా దిగనిచ్చినవాడు లేడు. తర్వాత సనాతనులు ఆవు పేడ, మూత్రం కలిపిన కుండలు కుమ్మరించి చెరువును 'శుద్ధి' చేసుకున్నారు. అదే సంవత్సరం మే 17న పారిస్‌లోని ఒరాంజెరీలో గుడ్డి గోడల నిండా మోనే కలువల కొలనును ప్రజల చూపు కోసం తెరిచారు. రెండు నెలల తేడా. చెరువు ఒక దిక్కు చూసి ధ్యానం చేసేది, ఇంకో దిక్కు తాకితే తల పగిలేది. కళాచరిత్ర పాఠంలో రెండో తారీఖు ఉంటుంది. మొదటిది సాంఘికశాస్త్రం పుస్తకంలోకి పోతుంది. మహద్‌లో ఆ నీళ్ళను దోసిట్లోకి ఎత్తిన చెయ్యిని మన చిత్రకారులు విగ్రహంగా, పోస్టరుగా వేశారు గానీ, నీళ్ళను చూసే చూపునే మార్చిన ఘటనగా మన కళావిమర్శ దాన్ని ఎన్నడూ చదవలేదు.

తెలుగులో అయితే దళిత సాహిత్యానికి కొత్త ఊపు వచ్చిందే ఒక చెరువు గట్టు మీద. 1985 జూలై 16న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగే నీళ్ళ చెరువు కాడ, బర్రెలకు కుడితి పెట్టిన బకెట్లను కమ్మ యువకులు కడుగుతుంటే ఒక మాదిగ యువకుడు అడ్డం చెప్పాడు. అతన్ని కొట్టబోతే, నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్త తన బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. దళిత మహాసభ ఆ నెత్తురులోంచి పుట్టింది. 1991లో చుండూరు తర్వాత వచ్చిన కవిత్వం, 'చిక్కనవుతున్న పాట' (1995), 'పదునెక్కిన పాట' (1996) సంకలనాలు, వాటి చుట్టూ జరిగిన చర్చలు, అన్నిటి వెనకా ఆ గట్టు ఉన్నది. రోజూ చెరువుకు పోయే ఒక ఆడమనిషి, ఆమె చేతిలో బిందె. తెలుగు కవిత్వం గతిని మార్చిన చెరువు యాత్ర ఏదంటే నేను ఏ భావకవి విహారాన్నీ చెప్పను, దాన్నే చెప్తాను.

నీళ్ళ మీద దళిత రచయితలు రాసినప్పుడు చూపు ఎట్లా మారుతుందో రెండు కథల్లో చూడొచ్చు. కొలకలూరి ఇనాక్ 'ఊరబావి'లో దళితులను ముట్టనివ్వని బావిలోకి పశువు కళేబరం చేరుతుంది. ఎత్తుకుపోవడం మాదిగ పని అన్న శవాన్నే ఆయుధం చేసుకోవడం, అదీ ఒక ఆడమనిషి ఆలోచనగా రావడం ఆ కథ బలం. బావి అక్కడ వర్ణనకు దొరకదు, అది ఒక కోట. గోగు శ్యామల కథల్లో ఒకదాంట్లో ఊరి చెరువే నోరు తెరిచి తన గోడు చెప్పుకుంటుంది. ఆమె కథలు 2012లో ఇంగ్లీషులోకి పోయినప్పుడు బయటివాళ్ళు దాన్ని పర్యావరణ కథగా చదివారు. నాకైతే అది కట్ట మీది మనిషిని తప్పించిన కథ. చూసేవాడు లేడు, చెరువే చూస్తున్నది. ఎవరు దిగిండ్రు, ఎవరిని దిగనియ్యలేదు అన్నది దానికి గుర్తున్నది. ఈ పద్ధతిని మన చిత్రకారులు ఇంకా అందుకోలేదనే చెప్పాలి.

ఈ చర్చకూ సింగరేణికీ సంబంధమేంటని అడగొచ్చు. బొగ్గుగనిని మనం ఏమంటం? బాయి అంటం. బాయి పని, బాయి మీద, బాయి దిగుడు. ఊరి బావి ముట్టరాదన్న కులాలవాళ్ళు పెద్ద సంఖ్యలో ఈ బాయిల్లోకి దిగిండ్రు, తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిండ్రు. అక్కడ కూడా నీళ్ళే. పైకప్పు నుంచి కారే ఊట, మోకాళ్ళ లోతు సంపు, పంపు ఆగితే ప్రాణగండం. భూమి కింద చీకట్లో ఉన్న ఆ నీటి గుంతను రోజూ చూసినవాళ్ళు లక్షల షిఫ్టుల మంది. క్యాప్ ల్యాంపు వెలుతురు ఆ నల్లటి నీళ్ళ మీద పడితే ఎట్లుంటదో ఏ కాన్వాసు మీదైనా చూసిండ్రా? దండేపల్లి మండలం లింగాపూర్‌లో పుట్టిన గూడ అంజయ్య (1955–2016) 'ఊరు మనదిరా' పాటలో ఊరి అందాన్ని వర్ణించలేదు, పనిముట్లను ఒక్కొక్కటే లెక్కబెట్టి ఎవరివో తేల్చాడు. పాటకు చేతనైన ఆ పని బొమ్మకు ఎందుకు చేతగాలేదు? రంగులకు డబ్బులు కావాలి, గ్యాలరీలు హైదరాబాదులో ఉన్నయి, నిజమే. అయినా అది పూర్తి జవాబు కాదు.

కాలనీల్లో బతుకమ్మ సంగతి ఊరి కంటే కొంచెం మెరుగు. క్వార్టర్ల వరుసల్లో ఎవరి కులం ఏదైనా ఒకే మైదానంలో ఆడిన రోజులున్నయి, మస్టర్ పడిన మగోళ్ళ జీతం ఒక తీరుగనే ఉండెగదా. కలపడానికి మాత్రం చెరువు వెతుక్కోవాలి. వాగో, గోదావరి ఒడ్డో, కంపెనీ తవ్విన నీళ్ళ తొట్టో. ఇక ఈ మధ్య చెరువులకు దశ తిరిగింది. 2015లో మిషన్ కాకతీయ వచ్చింది, పూడిక తీసిండ్రు, నియోజకవర్గానికొక మినీ ట్యాంక్‌బండ్ అన్నరు, 2023 జూన్ 8న ఊరూరా చెరువుల పండుగ చేసిండ్రు. నీళ్ళు నిలిస్తే అందరికీ మంచిదే. కానీ ఆ మినీ ట్యాంక్‌బండ్ అన్నమాటలోనే కట్ట మీది చూపు ప్రభుత్వ పథకం అయింది. రెయిలింగు, లైట్లు, నడక దారి, ఫొటో దిగడానికి జాగా. చాకిరేవు బండలు ఎటు పోయినయో అడిగేవాళ్ళు లేరు.

మా ప్రాంతంలో ఇంకో రకం చెరువులున్నయి. రామగుండం ఎన్టీపీసీలో 1983 నుంచి కరెంటు తయారవుతున్నది. బొగ్గు కాలిన బూడిదను నీళ్ళతో కలిపి కుందనపల్లి దిక్కు నిలవేస్తరు. దాన్ని బూడిద చెరువు అంటరు. ఎండాకాలం ఎండి గాలికి లేస్తే చుట్టుపక్కల ఊళ్ళల్ల అన్నం కంచం మీద గూడ పడుతది. మోనే తన కలువల కోసం రోడ్డుకు తారు వేయించుకోగలిగిండు. ఇక్కడి ఆడోళ్ళు ఉతికిన బట్టలు లోపల ఆరేసుకోవడం తప్ప ఏం చేయగలరు? దాన్ని కూడా చెరువు అనే పిలుస్తున్నమంటే ఆ మాటకు ఎంత అన్యాయం జరిగిందో ఆలోచించాలి. మా పిల్లలు డ్రాయింగు పుస్తకంలో వేయాల్సిన చెరువుల్లో అదీ ఒకటి.

చివరిగా ఓసీపీ గుంతలు. సింగరేణి బొగ్గులో ఇప్పుడు ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తున్నది. బొగ్గు తీసిన గుంతల్లో వాననీళ్ళు, ఊట నీళ్ళు చేరి నీలంగా, ఆకుపచ్చగా నిలుస్తయి. చుట్టూ మట్టి గుట్టలు. పొద్దున పూట సైకిలు మోటరేసుకొని పోయి కుర్రాళ్ళు ఫొటోలు తీస్తున్నరు. వాళ్ళల్లో మన పిల్లలున్నరు, చేతిలో మంచి పనితనమున్నది, వెలుతురు తెలుసు. ఫొటోలు నిజంగనే బాగుంటయి, ఏదో విదేశీ సరస్సు అనిపిస్తయి. వద్దనను. తీసేవాళ్ళను నేను అడిగేది ఒకటే. ఫొటో కింద ఏం రాస్తున్నరు? సూర్యోదయం, ప్రశాంతత, ప్రకృతి ఒడిలో, ఇవే. ఆ గుంత ఉన్న జాగల ఏ ఊరుండె, ఆ ఊరి చెరువు పేరేంది, శిఖం భూమి ఎవరు దున్నుకున్నరు, వాడ బొందలగడ్డ ఎటు దిక్కుండె, పట్టా ఉన్నోళ్ళకు ఎంత వచ్చింది, పట్టా లేని కూలోళ్ళకు ఏమొచ్చింది, ఇవన్నీ పాత పహాణీల్ల ఉన్నయి, లేచిపోయిన ఊళ్ళ ముసలోళ్ళ నోట్ల ఉన్నయి. థోరో తన చెరువు పక్క కూలిన ఇండ్ల గుంతలు లెక్కబెట్టినట్టు మనం లెక్కబెట్టాలంటే ఆ ముసలోళ్ళు ఉన్నప్పుడే పోవాలి. ఆ పని మొదలుపెట్టిన విద్యార్థులు ఎవరన్నా ఉంటే, చెరువు పేర్లు, రేవుల పేర్లు, తూము కాడి నీరటి ఇంటి పేర్లు, లందలున్న జాగాలు, ఏ వాడ బతుకమ్మ ఏ రేవుల కలిసేదో రాసుకొని, ఫొటోలతో కలిపి ఈ పత్రికకు పంపవచ్చు.